కాఫీ షాపు వైఫైకి ఫోను కలవనప్పుడు ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో సాయంత్రం పూట ఏ కాఫీ షాపులో కూర్చున్నా పక్క బల్ల దగ్గర నుంచి ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ మాత్రం రావడం లేదు." ఆ మాట అన్నవారు మరుక్షణం చేసే పని కూడా దాదాపు ఒకటే. వైఫైని నాలుగైదు సార్లు ఆపి, మళ్లీ వేస్తారు, ఫోనును రీస్టార్ట్ చేస్తారు, చివరికి విసుగుపుట్టి సెట్టింగ్స్ మొత్తాన్ని రీసెట్ చేసి ఇంట్లో, ఆఫీసులో దాచుకున్న పాస్‌వర్డులన్నీ పోగొట్టుకుంటారు. సమస్య ఎక్కడ ఉందో చూడకుండా చేతికి తోచిన మీట నొక్కడం వల్ల వచ్చే నష్టం ఇది.

ఫోను పైభాగంలో కనిపించే వైఫై గుర్తు మీ ఫోనుకూ, షాపులో వైఫైని పంచే పెట్టె అయిన రూటరుకూ మధ్య ఉన్న రేడియో బలాన్ని చూపుతుంది. రూటరు దాటాక బయటికి దారి ఉందో లేదో ఆ గీతలను బట్టి తెలియదు. ఆ దారి దొరకాలంటే ఫోను మూడు గడపలు దాటాలి. మొదటిది, పాస్‌వర్డు సరిపోయి రూటరు ఫోనును లోపలికి రానివ్వడం. రెండోది, ఆ రూటరు మీ ఫోనుకు ఒక ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో దానిని గుర్తించే అంకెల చిరునామా, కేటాయించడం. మూడోది, షాపువారి లాగిన్ పేజీలో మీ నంబరు, ఓటీపీ ఇచ్చి అనుమతి పొందడం. మీ ఫోను ఏ గడప దగ్గర ఆగిందో తెలుసుకుని, ఆ ఒక్కచోటే చేయి పెట్టాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న పద్ధతి.

పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి

సెట్టింగ్స్‌లోకి వెళ్లి వైఫై జాబితా తెరవండి. షాపు నెట్‌వర్క్ పేరు కింద చిన్న అక్షరాలలో ఒక ముక్క రాసి ఉంటుంది. చాలామంది దానిని చూడనే చూడరు గానీ రోగనిర్ధారణ అంతా అక్కడే జరుగుతుంది. పాస్‌వర్డు తప్పు అని గానీ, ఉత్తగా "సేవ్డ్" అని గానీ ఉండి కలవకపోతే మీరు మొదటి గడప దగ్గర ఉన్నారు. "ఆబ్టెయినింగ్ ఐపీ అడ్రస్" అని తిరుగుతూ, కాసేపటికి తెగిపోయి, మళ్లీ మొదలవుతుంటే రెండో గడప. "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అనో, "సైన్ ఇన్ టు నెట్‌వర్క్" అనో ఉంటే మూడో గడప, లేదా షాపుకే నెట్ రాకపోవడం. ఐఫోనులో ఈ మాటలు ఇంత వివరంగా కనిపించవు. నెట్‌వర్క్ పేరు పక్కనున్న 'ఐ' గుర్తు నొక్కి ఐపీ అడ్రసు చూడాలి. అది 169.254 తో మొదలైతే రూటరు ఏ అడ్రసూ ఇవ్వలేదని, ఫోను తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అది కూడా రెండో గడపే.

ఫోను ముట్టుకునే ముందు కౌంటరు దగ్గర అడగండి

సెట్టింగ్స్‌లో తల దూర్చడానికి ముందు లేచి వెళ్లి కౌంటరులో మూడు సంగతులు అడగడం ఉత్తమం: నెట్‌వర్క్ అసలు పేరు ఏమిటి, ఈ వారంలో పాస్‌వర్డు మార్చారా, ఇప్పుడు వారి బిల్లింగ్ యంత్రానికి నెట్ వస్తోందా. మూడో ప్రశ్న అన్నిటికంటే విలువైనది. బిల్లింగ్ యంత్రం కూడా అదే కనెక్షన్ మీద నడుస్తూ ఆగిపోయి ఉంటే మీ ఫోనులో వెతకవలసింది ఏమీ లేదు. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే రోజుల్లో కేబుళ్లు తెగడం, కరెంటు పోయి రావడం మామూలే. కరెంటు పోయినప్పుడు రూటరు ఇన్వర్టరు మీద వెలుగుతూనే ఉండవచ్చు. బయటి నుంచి నెట్ తీగ వచ్చి చేరే ఫైబర్ పెట్టె మాత్రం వేరే ప్లగ్గులో ఉండి ఆరిపోయి ఉండవచ్చు. అప్పుడు మీకు సిగ్నల్ నిండుగానే కనిపిస్తుంది. ఫైబర్ పెట్టె మీద 'లాస్' అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే బయటి తీగ నుంచి కాంతి రావడం లేదని అర్థం. కాఫీ తాగి, మొబైల్ డేటాతో పని చూసుకోవడమే ఆ పూటకు మిగిలిన మార్గం.

పేరు అడగడం వెనుక ఇంకో కారణం ఉంది. షాపు పేరును పోలిన పేరుతో పక్కనున్నవారెవరైనా తమ ఫోనులోనే ఒక హాట్‌స్పాట్ తెరవవచ్చు. పాస్‌వర్డు లేకుండా తెరిచి ఉన్న నెట్‌వర్క్ కనబడగానే కలిపేయడం ఆ ఉచ్చులో పడే దారి.

మొదటి గడప: పాస్‌వర్డు

ఇక్కడ ఆగినవారిలో ఎక్కువమందికి టైపింగే అడ్డు. గోడ మీద రాసిన పాస్‌వర్డులో సున్నా ఏదో, ఇంగ్లిషు 'ఓ' ఏదో పోల్చుకోలేము. ఫోను కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతట అదే పెద్ద అక్షరం చేస్తుంది. పాస్‌వర్డు గడి పక్కనున్న కన్ను గుర్తు నొక్కి, రాసినది చూసుకుంటూ టైపు చేయండి. క్యూఆర్ కోడు పెట్టి ఉంటే ఇంకా నయం. ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై సెట్టింగ్స్‌లోనే స్కాన్ చేసే వీలుంది, ఐఫోనులో కెమెరా చాలు. అయితే వైఫై కలపడానికి పెట్టిన కోడు, డబ్బు చెల్లించడానికి పెట్టిన కోడు ఒకే బల్ల మీద ఉంటాయి కనుక స్కాన్ చేశాక తెర మీద ఏమి వచ్చిందో చూసి ముందుకు వెళ్లండి.

నిన్నటి దాకా కలిసిన ఫోను ఈరోజు కలవకపోతే షాపువారు పాస్‌వర్డు మార్చి ఉంటారు. ఫోను మాత్రం పాతదానినే పంపుతూ ఉంటుంది. ఆ నెట్‌వర్క్ పేరు నొక్కి "ఫర్గెట్" ఇచ్చి, కొత్తగా పాస్‌వర్డు రాయండి. అన్నీ సరిగా ఉన్నా ఒక పాత ఫోను ఒక్కటే కలవకపోతే రూటరును డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతిలో మాత్రమే పెట్టారేమో అడగండి. 2018లో వచ్చిన ఆ పద్ధతి అంతకుముందు తయారైన చాలా ఫోన్లకు అర్థం కాదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన అమరిక పెడితే పాత ఫోన్లూ కలుస్తాయి, కానీ ఆ మార్పు చేయవలసింది షాపువారే.

రెండో గడప: ఐపీ అడ్రసు

ఉదయం తేలికగా కలిసే వైఫై సాయంత్రం ఆరు దాటాక కొత్తవారెవరినీ చేర్చుకోకపోవడం నేను ఒంగోలులో ఒకచోట వరుసగా మూడు రోజులు చూశాను. లోపల ఉన్నవారికి నెట్ బాగానే వస్తోంది. కొత్తగా వచ్చినవారి ఫోన్లు మాత్రం అడ్రసు కోసం తిరుగుతూనే ఉన్నాయి. కారణం చిన్నదే. మామూలు రూటరు దగ్గర పంచిపెట్టడానికి మహా అయితే 253 అడ్రసులు ఉంటాయి. చాలా రూటర్లను వంద, యాభై అడ్రసులకే పరిమితం చేసి అమర్చుతారు. ఒక్కో అడ్రసును రూటరు ఇంత కాలానికని అప్పుగా ఇస్తుంది. ఆ గడువును 24 గంటలుగా వదిలేస్తే, పొద్దున ఒక కాఫీ తాగి ఎప్పుడో వెళ్లిపోయిన మనిషి ఫోను పేరు మీద కూడా రాత్రి దాకా ఒక అడ్రసు కదలకుండా ఉండిపోతుంది. కుర్చీ ఖాళీగానే ఉంటుంది, కానీ దాని మీద తువ్వాలు వేసి ఉంటుంది.

ఇటువంటప్పుడు మీరు చేయగలిగినవి కొన్నే. వైఫైని ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయండి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి. ఆ నెట్‌వర్క్ వివరాలలో 'ఐపీ సెట్టింగ్స్' అనే చోట 'స్టాటిక్' అని ఉంటే, రూటరే అడ్రసు ఇచ్చే పద్ధతి అయిన 'డీహెచ్‌సీపీ'కి మార్చండి. ఎప్పుడో ఎవరో చెప్పగా చేతితో ఒక అడ్రసు రాసి మరిచిపోయినవారి ఫోన్లలో ఇది కనిపిస్తుంది. అదేచోట 'ప్రాక్సీ' అన్నది 'నన్'గా ఉండాలి. ఇవన్నీ సరిగా ఉంటే రూటరును ఒకసారి ఆపి, మళ్లీ వేయమని షాపువారిని మర్యాదగా అడగండి. ఈ వ్యాసం చదువుతున్నది షాపు యజమాని అయితే, డీహెచ్‌సీపీ లీజు గడువును ఒకటి రెండు గంటలకు తగ్గిస్తే ఈ ఫిర్యాదు చాలావరకు తీరిపోతుంది.

మూడో గడప: కనిపించని లాగిన్ పేజీ

అసలు చిక్కంతా ఇక్కడే. ఫోను ఏదైనా వైఫైకి కలవగానే, నెట్ నిజంగా వస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోను గూగుల్ సర్వరుకు ఒక చిరునామా అడిగి, 204 అనే సంఖ్యతో ఖాళీ జవాబు వస్తుందా అని చూస్తుంది. ఐఫోను యాపిల్ సర్వరులోని చిన్న పేజీని తెరిచి, అందులో 'సక్సెస్' అనే మాట ఉందా అని చూస్తుంది. షాపులోని వ్యవస్థ ఆ అభ్యర్థనను మధ్యలో ఆపి, జవాబుకు బదులు తన లాగిన్ పేజీని పంపుతుంది. అనుకున్న జవాబు రాలేదు గనుక ఇక్కడ ఏదో తలుపు ఉందని ఫోను గ్రహించి, "సైన్ ఇన్" అని మీకు చూపిస్తుంది. ఈ పరీక్ష దారి తప్పితే లాగిన్ పేజీ రాదు. పేజీ రాకపోతే నెట్ రాదు. కాబట్టి పరీక్షకు అడ్డుపడే వాటిని ఒక్కొక్కటిగా తొలగించాలి.

ముందుగా మొబైల్ డేటాను ఆపండి. అది నడుస్తుంటే, వైఫైలో నెట్ లేదని తెలిసిన వెంటనే కొన్ని ఫోన్లు చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి, మీకు లాగిన్ పేజీ చూసే అవకాశమే ఉండదు. కానీ ఎయిర్‌ప్లేన్ మోడ్ జోలికి వెళ్లకండి. మొబైల్ డేటా ఆపినా ఓటీపీ సందేశం వస్తుంది, ఎయిర్‌ప్లేన్ మోడ్ వేస్తే రాదు. ఈ తేడా తెలియక ఓటీపీ కోసం పావుగంట ఎదురుచూసినవారిని చూశాను.

తరువాత వీపీఎన్ యాప్ ఏదైనా ఉంటే ఆపండి. వీపీఎన్ పని ఫోను నుంచి వెళ్లే ప్రతి అభ్యర్థననూ ఒక సొరంగంలో పంపడం. తలుపు దగ్గర లాగిన్ కాకముందు ఆ సొరంగమే తయారు కాదు. 'ఆల్వేస్ ఆన్' అని పెట్టుకున్నవారు అదికూడా తీసేయాలి. లాగిన్ అయిన తరువాత వీపీఎన్‌ను తిరిగి వేసుకోవడంలో తప్పేమీ లేదు, వేసుకోవడమే మంచిది.

మూడోది ప్రైవేట్ డీఎన్‌ఎస్, అంటే వెబ్‌సైటు పేరుకు ఐపీ అడ్రసు వెతికిపెట్టే సర్వరును మీరే ఎంచుకునే అమరిక. 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన ఈ అమరికను ప్రకటనలు రాకుండా చేసుకోవడానికి చాలామంది కుర్రవాళ్లు వాడుతున్నారు. నేను కూడా అలాగే ఒక ప్రకటనల నిరోధక సర్వరు పేరు రాసి పెట్టుకుని, ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. నెల్లూరులో ఒక కాఫీ షాపులో నా పక్కవారందరికీ లాగిన్ పేజీ వస్తుంటే నాకు మాత్రం రాకపోయేసరికి, తప్పు రూటరుదేనని అరగంట సేపు వాదించి, చివరికి "ప్రైవేట్ డీఎన్‌ఎస్ సర్వర్ కెనాట్ బి యాక్సెస్డ్" అన్న సందేశం నా తెర మీదే ఉండటం చూసి తల దించుకున్నాను. సర్వరు పేరు చేతితో రాసినప్పుడు ఫోను ఆ ఒక్క సర్వరునే నమ్ముతుంది. షాపు వ్యవస్థ లాగిన్‌కు ముందు దానిని అందనివ్వదు. సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' అనే భాగంలో, కొన్ని కంపెనీల ఫోన్లలో 'కనెక్షన్స్' లేదా 'మోర్ కనెక్షన్స్' అనే భాగంలో ఇది ఉంటుంది. దొరకకపోతే సెట్టింగ్స్ పైనున్న వెతుకు గడిలో డీఎన్‌ఎస్ అని రాయండి. దానిని 'ఆటోమేటిక్'కు మార్చి, వైఫైని మళ్లీ కలపండి.

ఇన్ని చేసినా పేజీ రాకపోతే మీరే దానిని పిలవాలి. వైఫై జాబితాలో నెట్‌వర్క్ పేరును మరొకసారి నొక్కితే కొన్నిసార్లు వస్తుంది. రాకపోతే బ్రౌజరులో 'నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్' అనే చిరునామాను ఇంగ్లిషు అక్షరాలలో ఖాళీ లేకుండా రాసి తెరవండి. మీరు రోజూ చూసే వెబ్‌సైట్లు దాదాపు అన్నీ తాళం వేసిన హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో నడుస్తాయి కనుక షాపు వ్యవస్థ వాటి మధ్యలో దూరి తన పేజీని చూపలేదు. చూపబోతే బ్రౌజరు ఎర్ర హెచ్చరిక ఇస్తుంది. ఈ వెబ్‌సైటును కావాలనే తాళం లేకుండా ఉంచారు, అందుకే అక్కడ లాగిన్ పేజీ తేలికగా ప్రత్యక్షమవుతుంది. ఇంకొక దారి, వైఫై వివరాలలో 'గేట్‌వే' లేదా 'రూటర్' అని చూపే అంకెలను బ్రౌజరులో రాసి తెరవడం.

ఫోనులో తేదీ, సమయం కూడా ఒకసారి చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులు పక్కన పడి ఉన్న ఫోనులో తేదీ వెనక్కి పోతే, వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లనివిగా కనిపించి ప్రతి పేజీ తిరస్కరణకు గురవుతుంది. సమయాన్ని ఆటోమేటిక్‌గా పెట్టండి.

ఓటీపీ రానప్పుడు

బహిరంగ వైఫై వాడేవారి గుర్తింపు నమోదు కావాలని టెలికాం శాఖ 2009లోనే ఇంటర్నెట్ సంస్థలను ఆదేశించింది. షాపు వైఫై మీ ఫోను నంబరు అడగడానికి మూలం అదే. ఓటీపీ రాకపోవడానికి షాపుతో సంబంధం లేని కారణమే తరచుగా ఉంటుంది: సెల్లారులోనో, లోపలి గదిలోనో మొబైల్ సిగ్నల్ లేకపోవడం. తలుపు దాకా వెళ్లి సందేశం వచ్చాక తిరిగి రండి. రెండు సిమ్ములు ఉంటే ఏ నంబరు ఇచ్చారో చూసుకోండి. 'మళ్లీ పంపు' అని వరుసగా నొక్కితే పాత ఓటీపీ చెల్లకుండా పోయి, ఏది కొత్తదో తెలియని గందరగోళం మిగులుతుంది.

సంక్రాంతికి అమెరికా నుంచి ఇంటికి వచ్చిన పిల్లలకు ఇంకొక ఇబ్బంది ఉంది. చాలా లాగిన్ పేజీలు పది అంకెల భారతీయ నంబరునే తీసుకుంటాయి. అటువంటప్పుడు షాపువారి దగ్గర కూపన్ కోడు ఉందేమో అడగాలి. ఇంట్లోవారి నంబరుతో లాగిన్ కావడం వేరు గానీ, పక్క బల్ల దగ్గరి అపరిచితుడు అడిగాడని మీ నంబరు, మీ ఓటీపీ ఇవ్వడం నా దృష్టిలో తప్పు. ఆ తరువాత అతను చేసే ప్రతి పనీ మీ నంబరు మీదే నమోదవుతుంది.

కొన్ని చిన్న దుకాణాల్లో పీఎం వాణీ బోర్డు కనిపించవచ్చు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకంలో దుకాణదారే వైఫై అమ్ముతాడు. అక్కడ పథకానికి చెందిన యాప్ ద్వారా కలవవచ్చు.

కలిసింది గానీ నడవడం లేదు

ఒకే షాపులో రెండు పేర్లు కనిపించి, వాటిలో ఒకదాని చివర 5జీ అని ఉంటే, అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ వైఫై. రూటరుకు దగ్గరగా కూర్చుంటే అదే వేగంగా ఉంటుంది. గోడ అడ్డు వస్తే త్వరగా బలహీనపడుతుంది. దూరంగా కూర్చున్నవారికి 2.4 గిగాహెర్ట్జ్ నయం. కానీ పఫ్‌లు వేడిచేసే మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు ఆ తరంగాల్లోనే పనిచేస్తుంది కనుక, వంటగది పక్క బల్ల దగ్గర నెట్ ఆగి ఆగి వస్తే బల్ల మార్చి చూడండి. బ్యాటరీ సేవర్ ఉంటే తీసేయండి. అరగంటకో గంటకో కచ్చితంగా ఒకే సమయానికి తెగుతుంటే అది లోపం కాదు, షాపువారు పెట్టిన పరిమితి. రైల్వే స్టేషన్లలోని రైల్‌వైర్ వైఫైలో కూడా ఉచితం రోజుకు అరగంటే.

నిన్న లాగిన్ అయిన షాపు ఈరోజు మిమ్మల్ని కొత్తవారిగా చూస్తే, మీ ఫోను తన గుర్తింపు సంఖ్యను దాచుకోవడం కారణం కావచ్చు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసుకు బదులు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత అడ్రసు చూపుతాయి. ఆ అడ్రసు మారితే షాపు వ్యవస్థకు మీరు కొత్తవారే. మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది. దానికోసం ఆ రక్షణను తీసేయవలసిన అవసరం లేదు.

నెట్‌వర్క్ రీసెట్ ఎప్పుడు

ఒక్క షాపులో కలవకపోతే రీసెట్ చేయవద్దు. ఇంట్లో, ఆఫీసులో, మిత్రుడి హాట్‌స్పాట్‌లో కూడా కలవకపోతేనే చేయండి. అలా చేస్తే దాచిన వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు, వీపీఎన్ అమరికలు పోతాయి. ఫొటోలు, పరిచయాల నంబర్లు పోవు. ముందుగా ఇంటి పాస్‌వర్డును కాగితం మీద రాసుకోండి.

లేచి వెళ్లే ముందు

లాగిన్ పేజీ ఏదైనా యాప్‌ను దించుకోమని, ముఖ్యంగా యాప్ స్టోరుతో పని లేకుండా నేరుగా యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలును ఇన్‌స్టాల్ చేయమని అడిగితే అక్కడితో ఆపేయండి. వైఫైకి అటువంటిది అవసరం లేదు. బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు భద్రతా హెచ్చరిక వస్తే 'ముందుకు వెళ్లు' అని నొక్కకండి. కాఫీ డబ్బులు యూపీఐలో కట్టేటప్పుడు వైఫై ఆపి మొబైల్ డేటాతో కట్టడం నా అలవాటు. చెల్లింపు మధ్యలో నెట్ ఆగి, డబ్బు పోయిందా లేదా అని కౌంటరు దగ్గర నిలబడే బాధ ఉండదు. పొరపాటున మోసపోయి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

చివరగా, ఆ నెట్‌వర్క్ వివరాలలో 'ఆటో కనెక్ట్' లేదా 'ఆటో జాయిన్' ఆపి, ఇందాక ఆపిన మొబైల్ డేటాను, వీపీఎన్‌ను తిరిగి వేసుకోండి. ఈ రెండో పని మరిచిపోయి, ట్రంక్ రోడ్డులో ఆటో ఎక్కాక "ఫోనులో నెట్ పోయింది" అనుకున్నవారిలో నేనూ ఒకడిని.